సైకిల్ కంప్యూటర్‌కి ఫోన్‌తో బ్లూటూత్ మాటిమాటికీ తెగిపోతోంది, మీకెవరికైనా ఇలా అయ్యిందా?

తొక్కుడుబిళ్ళ (విజయవాడ):
అందరికీ నమస్తే. ఈమధ్యే ఫోన్ మార్చాను, ఆండ్రాయిడే. అప్పట్నుంచి ఇదే గోల. ఇంట్లో ఉన్నప్పుడు సైకిల్ కంప్యూటర్ (హ్యాండిల్ మీద పెట్టుకునే చిన్న జీపీఎస్ డివైస్) బాగానే కనెక్ట్ అవుతుంది, రోడ్డెక్కి ఫోన్ జేబులో పెట్టాక కాసేపటికి పోతుంది, ఆగి యాప్ తెరిస్తే మళ్ళీ వస్తుంది, జేబులో పెడితే మళ్ళీ పోతుంది. రైడ్ రికార్డ్ అవడంలో ఇబ్బంది లేదు, జీపీఎస్ డివైస్‌లోనే ఉంది కాబట్టి. నా బాధంతా లైవ్ ట్రాకింగ్ గురించే. వచ్చే నెల 300 బ్రెవే (టైములోపు పూర్తి చెయ్యాల్సిన 300 కిలోమీటర్ల సైకిల్ రైడ్) ఉంది, 20 గంటల టైము, అంటే రాత్రి చాలాసేపు హైవే మీదే ఉంటాను, ఇంట్లో అమ్మ ఆ లింక్ చూసుకుంటూ కూర్చుంటుంది, మ్యాప్ మీద చుక్క కదలకపోతే ఆవిడకి నిద్ర ఉండదు. పైగా కింద పడితే ఇంటికి మెసేజ్ వెళ్ళే ఫీచర్ కూడా ఫోన్ కనెక్ట్ అయి ఉంటేనే పనిచేస్తుంది. ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లోకెళ్ళి పెయిర్ చేశాను, అక్కడ పెయిర్డ్ అనే ఉంది. ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ స్ట్రాప్ కూడా ఒక్కోసారి డివైస్‌కి దొరకట్లేదు, రెండిటికీ సంబంధం ఉందో లేదో అర్థం కావట్లేదు.

నాలుగోగేర్ (హైదరాబాద్):
అన్నా, మొదలు ఆ పెయిరింగ్ తీసెయ్. ఫోన్ సెట్టింగ్స్‌ల నుంచి కాదు, కంపెనీ యాప్ లోపలికి పోయి యాడ్ డివైస్ అని అక్కడ్నుంచే చెయ్యాలె. సెట్టింగ్స్‌ల పెయిర్డ్ అని చూపిస్తది గాని యాప్‌కి ఆ సంగతే తెల్వదు. తీసేటప్పుడు మూడు దిక్కుల తియ్యాలె, యాప్‌ల రిమూవ్ చెయ్, ఫోన్ బ్లూటూత్ లిస్టుల ఫర్‌గెట్ కొట్టు, సైకిల్ కంప్యూటర్ మెనూలకి పోయి అక్కడ కూడా ఫోన్‌ని డిలీట్ చెయ్. పెయిర్ చేసినప్పుడు రెండూ ఒక ఎన్‌క్రిప్షన్ కీ దాచుకుంటయ్, ఒక దిక్కు తీసేసి ఇంకో దిక్కు పాత కీ ఉంచితే కనెక్ట్ అయినట్టే అయి వెంటనే ఊడిపోతది. రెండూ రీస్టార్ట్ చేసినంక కొత్తగ పెయిర్ చెయ్.

గాలికెదురు:
ఇంత చర్చ ఎందుకు బ్రో, డివైస్ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టెయ్, అయిపోతుంది.

సిరి_రైడ్స్ (గుంటూరు):
దయచేసి రీసెట్ ఇప్పుడే వద్దండి. సింక్ అవ్వని రైడ్లు, డేటా స్క్రీన్లు, సెన్సార్ల లిస్టు అన్నీ పోతాయి, చివరికి తప్పు ఫోన్‌లో ఉందని తేలితే చేసిందంతా వృథా. చెయ్యక తప్పని పరిస్థితి వస్తే ముందు కేబుల్ పెట్టి రైడ్ ఫైళ్ళు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. కేబుల్ కూడా డేటా వెళ్ళేదై ఉండాలి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు చాలా ఉన్నాయి, అవి పెడితే కంప్యూటర్‌లో డ్రైవ్ కనపడదు.

అసలు ముందు ఏ లింక్ తెగుతోందో చూడాలండి. మనం అన్నిటినీ కలిపి బ్లూటూత్ పోయింది అనేస్తాం గానీ అక్కడ ఉన్నవి మూడు వేరు వేరు లింకులు. సెన్సార్ నుంచి సైకిల్ కంప్యూటర్‌కి ఒకటి, అక్కడ్నుంచి ఫోన్‌కి ఒకటి, ఫోన్ నుంచి మొబైల్ డేటా మీద కంపెనీ సర్వర్‌కి ఇంకోటి. స్క్రీన్ మీద హార్ట్ రేట్ పోతే మొదటిది, డివైస్ మీద ఫోన్ గుర్తు పోతే రెండోది, గుర్తు ఉండి కూడా మ్యాప్‌లో చుక్క కదలకపోతే మూడోది. మూడోదానికి ఎన్నిసార్లు పెయిర్ చేసినా ఉపయోగం ఉండదు. 2020 జులైలో సైకిల్ కంప్యూటర్లు తయారుచేసే గార్మిన్ కంపెనీ మీద సైబర్ దాడి జరిగి సర్వీసులు రోజుల తరబడి ఆగిపోయాయి కదా, అప్పుడు ఫోన్లూ డివైస్‌లూ బాగానే ఉన్నాయి, కానీ రైడ్లు పైకి వెళ్ళలేదు, చాలామంది కేబుల్‌తో ఫిట్ ఫైల్ (రైడ్ రికార్డ్ ఉండే ఫైల్) తీసి నేరుగా స్ట్రావా అనే రైడ్లు పెట్టుకునే సైట్‌లో వేసుకున్నారు.

ఇంకో పని చెయ్యండి, ఎన్ఆర్ఎఫ్ కనెక్ట్ అని నార్డిక్ సెమీకండక్టర్ వాళ్ళ ఉచిత యాప్ ఉంది, స్కాన్ కొడితే చుట్టూ ఉన్న లో-ఎనర్జీ (తక్కువ కరెంటుతో నడిచే) బ్లూటూత్ పరికరాలు, వాటి సిగ్నల్ బలంతో సహా చూపిస్తుంది. పెయిరింగ్ మోడ్‌లో పెట్టినప్పుడు మీ డివైస్ అందులో కనపడితే రేడియో బాగానే ఉన్నట్టు. అసలు కనపడకపోతే, ఇంకేదైనా ఫోన్ దాన్ని ముందే పట్టుకుని ఉందేమో చూడండి. పాత ఫోన్ ఇంట్లో ఎవరికైనా ఇచ్చారా?

భీమిలిగాలి:
యాప్ తెరిస్తే వస్తుంది, జేబులో పెడితే పోతుంది అన్నారు చూడండి, నాకు అక్కడే అనుమానం. స్క్రీన్ ఆరాక ఫోన్ బ్యాటరీ మిగిల్చుకోడానికి ఆ యాప్‌ని చంపేస్తోంది. యాప్ ఇన్ఫోలోకెళ్ళి బ్యాటరీని అన్‌రిస్ట్రిక్టెడ్ చెయ్యండి, ఆటోస్టార్ట్ అని ఉంటే ఆన్ చెయ్యండి, రీసెంట్ యాప్స్‌లో దానికి తాళం గుర్తు పెట్టండి. ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఈ సెట్టింగ్ ఒక్కోచోట దాస్తారు, డోంట్ కిల్ మై యాప్ అనే సైట్‌లో ఏ ఫోన్‌కి ఎక్కడుందో రాసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక కూడా ఒకసారి చూసుకోండి, నా ఫోన్‌లో అప్‌డేట్ తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది.

పర్మిషన్లు కూడా చూడండి. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా బ్లూటూత్ పరికరాలు వెతకాలంటే యాప్‌కి లొకేషన్ పర్మిషన్ ఉండాలి, ఫోన్‌లో లొకేషన్ కూడా ఆన్‌లో ఉండాలి, లేకపోతే స్కాన్ ఖాళీగా వస్తుంది, ఎందుకో కూడా చెప్పదు. ఆండ్రాయిడ్ 12 నుంచి నియర్‌బై డివైసెస్ అని వేరే పర్మిషన్ పెట్టారు. కొత్త ఫోన్‌లో యాప్ వేసినప్పుడు అడుగుతుంది, తొందరలో వద్దు కొట్టేస్తే తర్వాత మళ్ళీ అడక్కపోవచ్చు. లైవ్ ట్రాకింగ్‌కైతే లొకేషన్ పర్మిషన్ కూడా ఆల్ ద టైమ్ పెట్టుకోండి.

తొక్కుడుబిళ్ళ:
సిరి గారూ, పాత ఫోన్ మా మేనల్లుడి దగ్గరుంది, మా ఇంట్లోనే, అందులో యాప్ అలాగే లాగిన్ అయి ఉంది! ఎన్ఆర్ఎఫ్‌లో డివైస్ కనపడలేదు, వాడి ఫోన్ బ్లూటూత్ ఆపగానే కనపడింది. యాప్ తీసేశాం. నాలుగోగేర్ తమ్ముడు చెప్పినట్టు మూడు చోట్లా తీసి కొత్తగా పెయిర్ చేశాను, బ్యాటరీ సెట్టింగ్ కూడా మార్చాను, ఆదివారం రోడ్డు మీద చూస్తాను.

రాత్రిబ్రెవే (వరంగల్):
టెస్ట్ చేసేటప్పుడు ఫోన్ ఎక్కడ పెడుతున్నరో కూడా చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని మన ఒంట్లో ఉన్న నీళ్ళు బాగ మింగేస్తయి. ఫోన్ వీపు వెనక జెర్సీ జేబుల, డివైస్ హ్యాండిల్‌కి ముందర, మధ్యల మొత్తం మనిషి. ఊళ్ళల్ల గోడలకి తగిలి సిగ్నల్ ఎట్లనో తిరిగి వస్తది, ఖాళీ హైవే మీద తగలడానికి ఏమీ ఉండదు. లాంగ్ రైడ్లకి నేను ఫోన్‌ని టాప్ ట్యూబ్ బ్యాగుల (సీటుకి హ్యాండిల్‌కి నడుమ రాడ్ మీద కట్టేది) పెడుత, అప్పటి సంది తెగుడు బాగ తగ్గింది, పవర్ బ్యాంక్ పెట్టుడు కూడా అక్కడ సులువు. టెస్ట్‌కి ట్రాఫిక్ లేని జాగ చూసుకోండి, స్క్రీన్ దిక్కు చూస్తూ రోడ్డు మీద తొక్కుడు మంచిది కాదు. హైదరాబాద్ వాళ్ళకైతే ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ ఉంది.

ఇంకోటి, ఘాట్లల్ల, అడవి రోడ్లల్ల మొబైల్ డేటా ఉండదు, అప్పుడు బ్లూటూత్ ఎంత మంచిగున్నా చుక్క ఆగిపోతది. ఎక్కడెక్కడ సిగ్నల్ ఉండదో అమ్మకి ముందే చెప్పి పొండి, కంట్రోల్ (బ్రెవేల మధ్యల ఆగి హాజరు వేయించుకునే చోటు) చేరంగనే ఫోన్ చెయ్యండి. యాప్ మీద ఎంత నమ్మకమున్నా నేను ఇది మానను.

పెడల్‌పాప:
ఐఫోన్ వాళ్ళ కోసం రెండు ముక్కలు. రీసెంట్స్‌లో యాప్‌ని పైకి తోసి మూసేస్తే బ్యాక్‌గ్రౌండ్‌లో దానంతట అది మళ్ళీ కనెక్ట్ అవ్వదు, మళ్ళీ మనమే తెరవాలి, కాబట్టి అలా తొయ్యకండి. కంట్రోల్ సెంటర్‌లో బ్లూటూత్ బటన్ నొక్కితే పూర్తిగా ఆగదు, మామూలు పరికరాలు డిస్‌కనెక్ట్ అవుతాయంతే, నిజంగా ఆపి పెట్టాలంటే సెట్టింగ్స్‌లోకే వెళ్ళాలి. కనెక్ట్ అయి ఉండి కాల్స్, మెసేజ్‌లు మాత్రం రాకపోతే బ్లూటూత్ లిస్టులో డివైస్ పక్కన ఐ గుర్తు నొక్కి షేర్ సిస్టమ్ నోటిఫికేషన్స్ ఆన్ చెయ్యండి.

తొక్కుడుబిళ్ళ:
ఆదివారం ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు కరకట్ట రోడ్డులో వెళ్ళొచ్చాను, ఫోన్ బ్యాగులో పెట్టాను, పోయి వచ్చేదాకా ఒక్కసారి కూడా తెగలేదు! ఇంట్లో అమ్మ మొత్తం చూసింది, చాలా థాంక్స్ అందరికీ. స్ట్రాప్ మాత్రం ఇంకా అలాగే ఉంది, మొదట దొరకదు, దొరికాక మధ్యలో పోతుంది.

నాలుగోగేర్:
స్ట్రాప్‌ని ఫోన్‌ల ఇంకేదన్న యాప్ పట్టుకుందా చూడు అన్నా. పాత స్ట్రాప్‌లు బ్లూటూత్ మీద ఒకసారి ఒక్కదానికే కనెక్ట్ అయితయ్, ఫోన్ పట్టుకుంటే సైకిల్ కంప్యూటర్‌కి దొరకదు. నీ స్ట్రాప్‌ల యాంట్ ప్లస్ (బ్లూటూత్ లెక్కనే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) ఉంటే డివైస్‌ల అట్ల యాడ్ చేస్కో, అది రేడియో స్టేషన్ లెక్క అందరికీ ఒకేసారి పంపుతది, ఎంతమంది విన్నా దానికి పట్టింపు లేదు.

సిరి_రైడ్స్:
మధ్యలో పోతోందంటే సెల్ కూడా మార్చి చూడండి. చాలా స్ట్రాప్‌లలో సీఆర్ 2032 బిళ్ళే ఉంటుంది, వెనక మూత తీస్తే కనపడుతుంది. అరిగిన సెల్ యాప్‌లో ఛార్జ్ ఉన్నట్టే చూపించినా రేడియో సిగ్నల్ పంపేటప్పుడు వోల్టేజ్ పడిపోతుంది. మూత పెట్టేటప్పుడు రబ్బరు రింగ్ సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే చెమట లోపలికి వెళ్తుంది. కట్టుకునే ముందు ఛాతీకి తగిలే భాగం తడి చేసుకోండి, మొదట్లో దొరక్కపోవడం చాలావరకు పొడి చర్మం వల్లే. బ్రెవేకి ఒక స్పేర్ బిళ్ళ, మూతకి సరిపడే చిన్న స్క్రూడ్రైవర్ వెంట పెట్టుకోండి.