నాన్నతో మాట్లాడదామంటే ముందే ఏడుపొచ్చేస్తోంది, ఏం చెయ్యాలి?

గాజువాక అమ్మాయి:
అందరికీ నమస్తే. నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. నన్ను ద్వారకానగర్‌లో గ్రూప్-2 కోచింగ్‌లో చేర్పించారు, వెళ్తున్నాను గానీ మనసంతా సాయంత్రం మా వీధి పిల్లలకి చెప్పే ట్యూషన్ మీదే ఉంటోంది, నాకు బీఈడీ చేసి టీచర్ అవ్వాలనుంది. ఈ మాట చెప్దామని ఆయన ఎదురుగా కూర్చుంటే చాలు గొంతు పట్టేసి కళ్ళల్లో నీళ్ళొచ్చేస్తాయి, "ఇంత చిన్నదానికే ఏడిస్తే రేపు ఉద్యోగం ఏం చేస్తావు" అంటారు, ఇంక అక్కడితో ఆగిపోతుంది. ఫ్రెండ్స్ స్ట్రాంగ్‌గా ఉండు అంటారు, ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఎంవీపీ అక్క:
చెల్లీ, ఏడుపు ఆపుకోవడమే బలం అని ఎవరన్నా నమ్మకు. నేను సైకాలజీ చదివాను. జేమ్స్ గ్రాస్ అనే ఆయన 1990ల్లో కొంతమందికి చూడలేని సినిమా ముక్కలు చూపించి, ముఖంలో ఏమీ కనపడనివ్వద్దన్నారు, పైకి కనపడలేదు గానీ లోపల బాధ ఏం తగ్గలేదు, పైగా ఒంటికి ఒత్తిడి పెరిగింది. 1986లో పెన్నెబేకర్ అనే ఇంకొకాయన స్టూడెంట్స్ చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు మనసులో బాధ రాయించారు. రాసిన వెంటనే ఇంకా దిగులుగా అనిపించిందట, కానీ తర్వాత నెలల్లో వాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళడం తగ్గింది. నువ్వూ రాయి, ఎవరికీ చూపించక్కర్లేదు. నీళ్ళొచ్చినా పర్లేదు, తుడుచుకుని మాట పూర్తి చెయ్యి, అంతే.

సింహాచలం రోడ్:
అక్క చెప్పింది కరెక్టే గానీ నాన్నగారి వైపు కూడా చూడాలమ్మా. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది, అందులో ఉద్యోగమంటే జీవితానికి ఢోకా లేదు అనుకున్న తరం వాళ్ళది, అలాంటిది 2021 జనవరిలో సెంటర్ అమ్మేస్తామంది, అప్పట్నుంచి ప్లాంట్ ఇళ్ళల్లో ఎంత గుబులుందో మీకు తెలీనిదా. ఆయన కోపంలో ఉన్నది ఆ భయమే అని నాకనిపిస్తోంది. ఆ భయానికి మీ ఇష్టం ఒక్కటే చెప్తే సరిపోదు, లెక్క కూడా చెప్పాలి. బీఈడీ రెండేళ్ళు, అందులో చేరడానికి ఎడ్‌సెట్ ఎంట్రన్స్ రాయాలి, 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టులిచ్చారు, అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఇంకోటి, ఎదురెదురుగా కూర్చోవద్దు. పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు కదా, పక్కపక్కన నడుస్తూ మాట్లాడండి, ముఖాలు చూసుకోనక్కర్లేదు, సగం బరువు అక్కడే దిగుతుంది.

పెదవాల్తేరు:
ఒక్క మాట. రోజంతా ఏడుపొస్తున్నా, నిద్ర పట్టకపోయినా టెలీ మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

గాజువాక అమ్మాయి:
అందరికీ థాంక్స్ అండీ. నిద్ర బానే పడుతోంది, ఏడుపు నాన్న దగ్గరే. నిన్న రాత్రి రాయడం మొదలెట్టాను, రాస్తుంటే తెలిసింది, ఆయన కాదంటారని కాదు నా భయం, బాధపడతారని. అదే ముందు చెప్తాను, టీచర్ మాట తర్వాత. ఆదివారం బీచ్‌కి వస్తానన్నారు. నాది బీఎస్సీ బోటనీ, బయాలజీ మెథడాలజీ తీసుకుని ఎడ్‌సెట్ రాసినవాళ్ళుంటే ఎలా చదవాలో కొంచెం చెప్తారా?