బాపు నేసిన దర్రీలను 3,100 మంది చూశారు, కొన్నది ఇద్దరే. లిస్టింగ్‌లో తప్పెక్కడ?

కొత్తవాడ_తమ్ముడు

అందరికీ నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. మా బాపు చిన్నప్పటి నుంచి మగ్గం మీదనే ఉన్నాడు, నేల మీద పరుచుకునే కాటన్ దర్రీలు నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. ఇన్నేండ్లు తెలిసిన షాపాయనకే ఇచ్చేవాళ్లం. ఆయన పైసలు ఈ నెల కొంచెం వచ్చే నెల కొంచెం అంటూ తిప్పుతుంటే విసుగొచ్చి రెండు నెలల కింద నేనే ఒక పెద్ద సైట్‌లో సెల్లర్ అకౌంట్ తెరిచాను. 22 లిస్టింగ్‌లు పెట్టాను, ఒక్కో రంగుకు ఒకటి.

డాష్‌బోర్డ్‌లో ఇంప్రెషన్లు 3,100, క్లిక్‌లు 58, ఆర్డర్లు 2. అంటే 3,100 మంది చూసి కూడా కొనలేదు. ఆ రెండు ఆర్డర్లలో ఒకటి వాపసు వచ్చింది, కారణం "పలుచగా ఉంది, చెప్పినట్టు లేదు" అని. రానూ పోనూ ఖర్చు మా మీదే పడ్డది.

టైటిల్ ఇట్లా పెట్టాను: "బ్యూటిఫుల్ ప్రీమియం క్వాలిటీ వరంగల్ హ్యాండ్‌మేడ్ కార్పెట్ బెస్ట్ ఫర్ హోమ్". 4×6 అడుగులది 1,450 రూపాయలు, డెలివరీ 120 వేరే. ఫోటోలు రెండే, రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక మంచం మీద పరిచి తీశాను, ఒకదాంట్లో బాపు కాలు పడింది, చూసుకోలేదు. డిస్క్రిప్షన్ మాత్రం కష్టపడి రాశాను, 1851లో లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌లో వరంగల్ తివాచీలు పెట్టిన సంగతి, 2018లో మన దర్రీలకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చిన సంగతి అన్నీ.

ఒక దోస్తు యాడ్స్ పెట్టమంటున్నాడు, ఇంకొకడు 999కి తగ్గించమంటున్నాడు. బాపు ఏమీ అనడు కానీ పొద్దున లేవగానే నా ఫోన్ దిక్కు చూస్తాడు, అదే టెన్షన్. ఏం చేయమంటారు?

హన్మకొండ_అక్క

తమ్మీ, ముందు ఆ 3,100 సరిగ్గా చదువు. అది 3,100 మంది కాదు. నీ బొమ్మ ఎవరో ఒకరి స్క్రీన్ మీద అన్నిసార్లు వచ్చి పోయింది, అంతే. ఒకే మనిషికి పదిసార్లు కనపడినా పది అనే లెక్క వేస్తారు. నీ దుకాణం ముందు నుంచి జనం నడిచిపోయిన లెక్క అనుకో. అందులో 58 సార్లు ఎవరో మెట్లెక్కారు, రెండుసార్లు గల్లాపెట్టె దాకా వచ్చారు. నేను నాలుగేండ్ల నుంచి చిన్నపిల్లల కాటన్ బట్టలు అమ్ముతున్నా, నాకు తెలిసినంతలో మూడు చోట్లా వేరే వేరే రోగాలుంటాయి. జనమే నడవకపోతే టైటిల్, సెర్చ్ మాటలు చూసుకోవాలి. నడిచి కూడా మెట్లెక్కకపోతే మొదటి ఫోటో, ధర. లోపలికొచ్చి ఉత్త చేతులతో పోతే మిగతా ఫోటోలు, సైజు వివరం, డెలివరీ చార్జీ. నీకు మూడూ ఉన్నాయిలే, కానీ 22 లిస్టింగ్‌లకు రెండు నెలల్లో 3,100 అంటే ముందు టైటిల్‌దే తప్పు.

ఎవరన్నా సెర్చ్‌లో "బ్యూటిఫుల్" అని కొడతారా చెప్పు? నువ్వు కొడతావా? హాల్‌లోకి కాటన్ దర్రీ కావాలని కొడతారు, 4×6 అని కొడతారు, ఎరుపు అని కొడతారు. కాబట్టి వస్తువు, నూలు, సైజు, రంగు, ఎక్కడ పరుస్తారు, ఇవే టైటిల్‌లో ఉండాలి. అమెజాన్‌లో అయితే చాలా రకాల వస్తువులకు టైటిల్ 200 అక్షరాలు దాటకూడదు, ఒకే మాట రెండుసార్ల కన్నా ఎక్కువ రాకూడదు, అందుకని అదే మాటను తిప్పి తిప్పి కుక్కడం కూడా కుదరదు. మరి దర్రీ అనే మాటను ఇంగ్లీషులో కొందరు హెచ్ పెట్టి, కొందరు హెచ్ లేకుండా, చివర వై అని, ఐ అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు, హిందీవాళ్లు దరీ అంటారు, మన పెద్దవాళ్లు జంపఖానా, షత్రంజీ అంటారు. ఇవన్నీ వెయ్యడానికి నీ సెల్లర్ అకౌంట్ లోపల సెర్చ్ టర్మ్స్ అని ఒక గడి ఉంటుంది, కొనేవాళ్లకు కనపడదు, అందులో వెయ్యి.

ఇంకో సంగతి, ఆ "కార్పెట్" మాట తీసెయ్. నీ వాపసుకు కారణం అదే అని నా అనుమానం. కార్పెట్ అనగానే కాలు దిగబడేంత మెత్తగా బొచ్చు ఉంటుందనుకుంటారు, ఇంటికి పోయింది చూస్తే పడుగు పేక నేతతో చదునుగా ఉన్న దర్రీ. పలుచగా ఉందని రాయక ఏం రాస్తారు పాపం. "ఇది బొచ్చు కార్పెట్ కాదు, చదును నేత, రెండు వైపులా వాడుకోవచ్చు" అని మొదటి లైన్లోనే చెప్పు. క్లిక్‌లు కొన్ని తగ్గినా నష్టం లేదు, వాపసు ఒకటి తప్పితే నాలుగు దర్రీల లాభం మిగిలినట్టే.

22 లిస్టింగ్‌లు కూడా వద్దు. ఒకే సైజు ఒకే నేత అయితే అన్ని రంగులూ ఒకే లిస్టింగ్ కింద వేరియేషన్లుగా పెట్టు, రివ్యూలన్నీ ఒకచోట చేరతాయి. ఇప్పుడు రేపు నాలుగు రివ్యూలు వచ్చినా 22 చోట్ల చెదిరిపోతాయి.

నీకు జీఎస్టీ ఉందా, లేక ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తోనే తెరిచావా? 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న అమ్మకందారులు జీఎస్టీ లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మొచ్చు కానీ సొంత రాష్ట్రం లోపలే. అట్లా తెరిచి ఉంటే బెంగళూరు వాళ్లకు నువ్వు అమ్మలేవు, జనం నడవకపోవడానికి అదీ ఒక కారణమే. వీడియోల్లో ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా జీఎస్టీ అక్కర్లేదంటారు, మన తెలంగాణలో సరుకులకు ఆ హద్దు 20 లక్షలే, గుర్తుపెట్టుకో.

లాభమే_లెక్క

ఇంత కథ ఎందుకు. 999 చెయ్యి, చుట్టాలతో ఓ పదిహేను ఆర్డర్లు పెట్టించి ఐదు స్టార్లు కొట్టించు, తర్వాత సరుకు దానంతటదే పోతుంది. అందరూ చేసేది అదే.

పెంబర్తి_ఇత్తడి

పైన అన్న చెప్పింది చేయకు తమ్మీ. అమ్మేవాళ్లే కొన్నవాళ్ల లెక్క రివ్యూలు రాయొద్దని 2020 ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల్లోనే ఉంది, సైట్‌వాళ్లు పట్టుకుంటే అకౌంట్ మూసేస్తారు, అప్పుడు మళ్లీ ఆ షాపాయన దగ్గరికే పోవాలి. ప్యాకెట్‌లో "ఐదు స్టార్లు ఇస్తే 50 రూపాయలు" చీటీలు పెట్టడం కూడా అంతే. ఇక 999 సంగతి, యంత్రం మీద తీసిన పాలిస్టర్ చాపలు 400కే దొరుకుతున్నాయి, నువ్వు 999 పెట్టినా వాటి ముందు ఎక్కువే, బాపు కూలి మాత్రం పోతుంది. ఆ 120ని ధరలో కలిపి 1,570 అని పెట్టి డెలివరీ ఉచితం అను. పైసలు అవే, కానీ చివర్లో బిల్లు పెరిగేసరికి మూసేసి పోయేవాళ్లు ఆగుతారు.

నేను ఇత్తడి సామాను అమ్ముతా, ఫోటోల దగ్గర ఎంత ఏడ్చానో నాకు తెలుసు. మా దీపపు సెమ్మెలో నా ముఖమూ ఫోనూ కనపడేవి, ఒక కస్టమర్ అడిగాడు కూడా, ఫోటోలో ఉన్న మనిషి కూడా వస్తాడా అని. దర్రీకి ఆ బాధ లేదు, నీ అదృష్టం. రాత్రి బల్బు కింద తీయకు, మెరూన్ ఇటుక రంగులా కనపడుతుంది, తర్వాత రంగు వేరే అని వాపసు. పొద్దున ఎనిమిది ప్రాంతంలో డాబా మీద నీడ పట్టున పరిచి, స్టూల్ ఎక్కి నిట్టనిలువుగా తియ్యి, నాలుగు మూలలూ సమానంగా రావాలి. తీసే ముందు ఫోన్ లెన్స్ తుడువు, సగం రోగం అక్కడే పోతుంది. నేత కనపడాలంటే ఇంకో ఫోటో పక్క నుంచి వెలుతురు పడేట్టు దగ్గరగా తియ్యి, ఫ్లాష్ వేస్తే పోగులన్నీ చదునైపోతాయి.

అమెజాన్‌లో మొదటి ఫోటో వెనకాల స్వచ్ఛమైన తెలుపు ఉండాలి, వస్తువు ఫ్రేమ్‌లో 85 శాతం నిండాలి, దాని మీద అక్షరాలు ఉండకూడదు. జూమ్ పని చేయాలంటే పొడుగు వైపు కనీసం 1,000 పిక్సెళ్లు. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ చేసే యాప్‌లున్నాయి కానీ జాగ్రత్త, అవి దర్రీ కుచ్చుల్ని దారపు ముక్కలనుకుని కోసేస్తాయి, అంచు ఎలుక కొరికినట్టు వస్తుంది. ఆ కుచ్చుల దగ్గర చేత్తోనే సరిచేసుకో.

ఇంకొకటి, నువ్వు కథ రాసుకున్నావు సరే, జీఐ లోగో పెట్టాలనుకుంటే మాత్రం జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా నమోదు ఉండాలి. వరంగల్‌లో నేసినంత మాత్రాన లోగో వేసుకోవచ్చని కాదు. బాపు పేరు నేతవాళ్ల సొసైటీ ద్వారా ఎక్కిందేమో అడుగు.

కరీంనగర్_పార్సిల్

కొరియర్‌లో పని చేస్తా, నా పరిధిలోది చెప్తా. దర్రీని చుట్టగా చుట్టి పంపుతున్నావా, మడతపెట్టి పంపుతున్నావా? తూకం ఒక్కటే చూడరు, పొడుగు వెడల్పు ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలా చోట్ల 5,000తో భాగిస్తారు, అదీ అసలు తూకమూ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి బిల్లు. నాలుగడుగుల చుట్ట 122×16×16 అనుకో, ఆరు కిలోల పైన పడుతుంది. అదే 45×35×9కి గట్టిగా మడిస్తే మూడు కిలోల లోపే. మడత గీతలు పడతాయి కాబట్టి "తెరిచాక ఒక రోజు పరిచి ఉంచండి, గీతలు పోతాయి" అని లిస్టింగ్‌లో రాయి, చీటీ కూడా వెయ్యి.

మంచిర్యాల_లక్క

నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. దర్రీ కోసం ఎన్నోసార్లు వెతికా. నాకు లండన్ ఎగ్జిబిషన్ సంగతి తర్వాత, ముందు వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా, రంగు పోతుందా, టైల్స్ మీద జారుతుందా, నలుగురం కూర్చుని అన్నం తినొచ్చా అన్నవి కావాలి. 4×6 అంటే నాకు కళ్లకు కట్టదు. దాని మీద ఒక మనిషిని కూర్చోబెట్టో, పక్కన స్టీలు చెంబు పెట్టో చూపిస్తే సోఫా ముందు పడుతుందో లేదో తెలుస్తుంది. అంగుళం అటూ ఇటూ ఉంటే అదీ రాయండి, చేత్తో నేసింది అని తెలిస్తే ఎవరూ గొడవ చేయరు. తెలుగులో పెట్టిన వివరాలు కూడా ఒకసారి చదువుకోండి, ఒక సైట్‌లో మంచం పక్కన వేసే రన్నర్‌ను "మంచం పక్క పరుగెత్తేవాడు" అని అనువదించి పెట్టారు, మా ఆయన వారం రోజులు నవ్వాడు.

కొత్తవాడ_తమ్ముడు

మూడు వారాలైంది, చెప్దామని వచ్చాను. అక్కా, మీ అనుమానం నిజమే, ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తోనే తెరిచాను, జీఎస్టీకి ఇప్పుడు అప్లై చేశాను. లోగో మాట మాత్రం ఎక్కడా పెట్టలేదు, సొసైటీలో అడగాలి. 22ను ఐదు చేశాను. టైటిల్ మార్చాను, కార్పెట్ తీసేశాను.

ఫోటోల రోజు బాపు మగ్గం దిగి డాబా మీదకు వచ్చాడు. నేను స్టూల్ ఎక్కుతుంటే ఆగమని, అమ్మ దువ్వెన తీసుకుని కూర్చుని రెండు అంచుల కుచ్చులు ఒక్కొక్కటి దువ్వాడు, ముప్పావు గంట పట్టింది, ఈలోపు ఎండ వచ్చేసింది, మళ్లీ తెల్లారి తీశాం. రంగు సంగతి మనం ఊరికే రాయొద్దని మెరూన్ దర్రీని తడిపి తెల్లగుడ్డతో రుద్దితే కొంచెం ఎర్రగా అంటింది. "మొదటి రెండు ఉతుకులు విడిగా, చన్నీళ్లతో" అని రాశాను. రాయొద్దని దోస్తు అన్నాడు, రాశాను.

ఇప్పటికి ఐదు ఆర్డర్లు, వాపసు లేదు. యాడ్స్ పెట్టలేదు. నిజామాబాద్ నుంచి ఒకామె "ఒక చార కొంచెం వంకరగా ఉంది, ఇది చేత్తో నేసిందేనా" అని అడిగింది. బాపుకు చదివి వినిపిస్తే, "మొన్న కరెంటు పోయినప్పుడు నేసింది అది" అన్నాడు. అదే రాసి పంపాను, దర్రీ ఉంచుకుంది.

ఒక డౌటు. నీలం రంగుది ఒక్కటే ఉంది, పొద్దున దానికే రెండు ఆర్డర్లు పడ్డాయి. బాపు కొత్తది నేయడానికి నాలుగు రోజులు కావాలి. రెండోది క్యాన్సిల్ చేయాలా?

హన్మకొండ_అక్క

చేయకు, మనంతట మనం క్యాన్సిల్ చేస్తే అకౌంట్ రేటింగ్ పడిపోతుంది. పంపాల్సిన గడువు ఎన్ని రోజులని పెట్టావో చూడు, అది దాటేట్టుంటే ఆ కస్టమర్‌కు ఇప్పుడే మెసేజ్ పెట్టి, నేస్తున్నాం, ఆగుతారా అని అడుగు. ముందైతే నీలం స్టాక్ సున్నా చెయ్యి, మూడోది పడకముందే.