చార్మినార్ కూడలికి సాయంత్రం: ఎటు నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: పెద్దవాళ్లతో వస్తున్నాం. చార్మినార్, గాజుల బజారు రెండూ ఒకే సాయంత్రంలో కుదురుతాయా అండీ?

జవాబు 1: కుదురుతాయి. కారు తేవద్దు. ఎం.జి.బి.ఎస్. (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో పట్టండి, పత్తర్‌గట్టి మీదుగా రండి. ముందు గుల్జార్ హౌజ్ వస్తుంది. ఆ ఫౌంటెన్ చుట్టూ నాలుగు కమాన్లు, అంటే తోరణ ద్వారాలు: ఉత్తరాన మచ్లీ, తూర్పున కాలీ, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్. అందరూ 1591 నాటి చార్మినార్ దగ్గరికి పరిగెడతారు గానీ, అసలు చౌరస్తా రూపం తెలిసేది ఇక్కడే. చార్మినార్ మెట్లు ఇరుకు, చుట్టు తిరుగుతాయి. మోకాళ్ల నొప్పులుంటే కిందనే ఆగండి.

జవాబు 2: గాజుల బజారు, అంటే లాడ్ బజార్, చార్మినార్‌కు పడమర. లక్క గాజులు సాగవు, కాబట్టి సైజు తెలుసుకుని వెళ్లండి. రెండు-నాలుగు అంటే లోపలి అడ్డకొలత రెండుంపావు అంగుళాలు, రెండు-ఆరు అంటే దానికంటే అంగుళంలో రెండు పదహారో వంతులు ఎక్కువ. మణికట్టు కాదు, బొటనవేలు అరచేతిలోకి మడిచినప్పుడు చేతి వెడల్పు చూడాలి. ఎండలో మూసిన కారులో వదిలేస్తే లక్క మెత్తబడి రాళ్లు ఊడతాయి.

జవాబు 3: రంజాన్ రాత్రుల్లో రద్దీ విపరీతం. వీల్‌చైర్ ఉంటే ఆ నెల మానుకోండి.