చేదోడు వాదోడు: ‘కైండ్‌నెస్’కి తెలుగు వెతుకుతూ

అందరికీ నమస్కారం. మొన్న ఒకరు ఇక్కడ అడిగారు: రోజూ మనుషులు ఒకరికొకరు చేసే చిన్న చిన్న మంచి పనులకు ఇంగ్లీషులో ‘కైండ్‌నెస్’ అనే మాట ఉంది కదా, తెలుగులో సరైన మాట ఏది అని. దయ, కరుణ, సౌజన్యం, సహృదయత, ఉపకారం అంటూ జవాబులు వరసగా వచ్చాయి. ఏదీ తప్పు కాదు. కానీ ఆ ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదల్లేదు. నాకు జరిగిన ఒక సంగతికి ఈ మాటల్లో ఒక్కటీ అతకడం లేదు. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మాటల్లోకి వస్తాను.

నాలుగేళ్ల కిందట మా నాన్నగారికి ఆపరేషన్ జరుగుతుంటే ఆస్పత్రి వరండాలో ఒక్కడినే కూర్చుని ఉన్నాను. ముందురోజు రాత్రంతా నిద్ర లేదు. ఒళ్లో రిపోర్టుల ఫైలు, దాని మీద ఎక్స్‌రే కవరు. ఫోన్‌లో చార్జింగ్ రెండు శాతం. లోపల్నుంచి ఎప్పుడు పిలుస్తారో తెలియదు, పిలిస్తే ఏం చెబుతారో అని టెన్షన్. పక్క కుర్చీలో ఓ పెద్దావిడ. అప్పటిదాకా మేమిద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. ఆవిడ నా ఫోన్ వైపు ఓసారి చూసి, సంచిలోంచి చార్జర్ తీసి, వైరు చిక్కు విప్పి నాకిచ్చారు. నా వేళ్లు వణికి పిన్ను లోపలికి పోకపోతే తనే తీసుకుని పెట్టారు. తర్వాత, “కాసేపు కళ్లు మూసుకో బాబూ, పేరు పిలిస్తే నేను లేపుతాలే” అన్నారు.

నిజంగానే నిద్రపోయాను. ఎంతసేపో తెలియదు. “బాబూ, పిలుస్తున్నారు” అంటే మెలకువ వచ్చింది. నా ఒళ్లోంచి జారిపోవాల్సిన ఎక్స్‌రే కవరు ఆవిడ మోకాళ్ల మీద నిలువుగా ఉంది. మడత పడకుండా రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చున్నారు. కవరూ ఫైలూ లాక్కుని పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. చార్జర్ మాత్రం నా ఫోన్‌కే వదిలేసి వెళ్లారు.

ఆవిడ చేసినదాన్ని ఏమనాలి?

‘దయ’ అందామంటే నోరు రావడం లేదు. దయ అంటే పైనున్నవాళ్లు కిందున్నవాళ్ల మీద చూపేది. ‘నా మీద దయ ఉంచండి’, ‘వాడి మీద దయ తలిచారు’ అంటాం. ఆ ‘మీద’ను గమనించండి. పైగా ఆ మాట మన నోళ్లలో నాని నాని బాగా అరిగిపోయింది. ‘దయచేసి’ అంటే అసలు అర్థం ‘దయ చేసి’ అనే. ఇప్పుడు ‘దయచేసి క్యూలో నిలబడండి’ అన్న బోర్డు చదివేటప్పుడు అందులో దయ ఉందని ఎవరికి గుర్తుంటుంది? ఇక ‘దయచేయండి’ సంగతి మరీ చిత్రం. గుమ్మం దగ్గర అంటే లోపలికి రండి అని, మాట చెడ్డాక అంటే బయటికి నడవండి అని. ఒకే మాట స్వాగతం పలకగలదు, సాగనంపనూ గలదు. ఇంత పని చేసి అలసిపోయిన మాట మీద ఆ పెద్దావిడను కూర్చోబెట్టలేను.

కరుణకూ అదే ఎత్తు ఉంది, ఇంకాస్త గంభీరంగా. సౌజన్యం మంచి మాటే, సుజనుడి గుణం అని అర్థం. కానీ ఇప్పుడది ఎక్కువగా ఫొటోల కింద కనబడుతోంది. ‘ఉపకారం’లో ‘ఉప’ అంటే దగ్గర, ‘అపకారం’లో ‘అప’ అంటే దూరం. ఈ జంట నాకు చాలా ఇష్టం. మేలు చేయడం దగ్గరికి రావడమట, కీడు చేయడం దూరం జరగడమట. అయితే వాడుకలో ఉపకారం పెద్ద మాటైపోయింది. దాని వెనకే ప్రత్యుపకారం, రుణం కూడా వచ్చి నిలబడతాయి. చార్జర్ వైరు చిక్కు విప్పి ఇచ్చినందుకు ‘మహోపకారం’ అంటే ఆవిడే ఇబ్బంది పడతారు.

‘సాయం’ దగ్గర నా మనసు కొంత ఆగింది. సహాయం నుంచి వచ్చిన మాట. సంస్కృతంలో దాన్ని ‘సహ + అయ’ అని విడదీస్తారు, అంటే కూడా వెళ్లేవాడు. సహాయుడు అంటే మొదట తోడుగా నడిచే మనిషే. ఇక్కడ ‘మీద’ లేదు, పక్కన నడవడం ఉంది.

ఇక నేను వెతుకుతున్న మాట దొరికింది ఆ ‘తోడు’ దగ్గరే: చేదోడు వాదోడు. అందరికీ తెలిసిందే. ‘తల్లికి చేదోడు వాదోడుగా ఉంటున్నాడు’ అని రోజూ వింటాం. విడదీసి చూసింది తక్కువ. చేదోడు అంటే చేయి + తోడు. వాదోడు అంటే వాయి + తోడు. వాయి అంటే నోరు. తమిళంలో ఇప్పటికీ నోటిని వాయ్ అనే అంటారు. మనకు విడిగా వాడుకలో లేకపోయినా ‘నోరూ వాయీ లేని జీవం’ అన్నప్పుడు ఇంకా బతికే ఉంది. కాబట్టి చేదోడు వాదోడు అంటే చేతితో తోడు, నోటితో తోడు. వైరు చిక్కు విప్పింది, కవరు అంచులు పట్టుకుంది చేదోడు. “పేరు పిలిస్తే నేను లేపుతాలే” అన్నది వాదోడు. వరండాలో జరిగిందంతా ఈ రెండు మాటల్లో పట్టింది.

ఇంకొకటి చూడండి, ఇది తట్టినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. చిన్నప్పుడు విభక్తులు వల్లె వేశాం కదా: “చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి.” ‘చేత’ వచ్చింది చేయి నుంచి, ‘తోడ’ వచ్చింది తోడు నుంచి. అంటే ఒక పని ఎవరివల్ల జరిగిందో, ఎవరితో కలిసి జరిగిందో చెప్పడానికి తెలుగు వాడుకునే ప్రత్యయాలు ఒక చెయ్యి, ఒక తోడు. ‘నీతో వస్తాను’ అన్న ప్రతిసారీ ఆ ‘తో’లో తోడు ఉంటుంది. చేదోడు అనే ఒక్క మాటలో తృతీయా విభక్తి మొత్తం ఇమిడిపోయింది.

చెయ్యి గురించి కూడా రెండు ముక్కలు. ‘చెయ్యి’ అంటే హస్తం, ‘చెయ్యి’ అంటే పని చెయ్యి అని కూడా. వేర్లు వేరు. తమిళంలో కై, చెయ్ అని విడివిడిగానే ఉన్నాయి. తెలుగులో రెండూ నడిచి నడిచి ఒకే రూపంలోకి వచ్చేశాయి. అందుకే ‘కాస్త చెయ్యి వేయండి’ అంటే ఎవరూ రెండోసారి అడగరు. బరువు రెండో వైపు పట్టుకోవడానికి పరిచయం అక్కర్లేదు. చేయూత కూడా ఇలాంటిదే, చేయి + ఊత, ఊతకర్రలో ఉన్న ఊతే. అయితే చేయూతలో ఒకరు పడిపోయే స్థితిలో ఉండాలి, రెండోవారు నిలబెట్టాలి. చేదోడుకు ఆ అవసరం లేదు. ఇద్దరూ నిలబడే ఉండొచ్చు.

వాదోడుకు ఇప్పటి వాడుక మాట ‘మాట సాయం’. దీన్ని చాలామంది తక్కువగా చూస్తారు, ‘ఏముంది, మాట సాయమే కదా’ అని. నేను ఒప్పుకోను. ఒక కౌంటర్ దగ్గర ఓ పెద్దాయన కాగితాలు పట్టుకుని గంటన్నర నిలబడ్డారు. వెనకొచ్చినవాళ్లు ముందుకు పోతున్నారు, ఆయనకు అడగడం చేతకావడం లేదు. వెనకనున్న అమ్మాయి, “ముందు ఆయనది చూడండి సార్, మా అందరికంటే ముందొచ్చారు” అంది. గొంతు పెంచలేదు, గొడవ పెట్టుకోలేదు. పని అయిపోయింది. ఆయనకు లేని నోటిని ఆ అమ్మాయి కాసేపు ఇచ్చింది. వాయి + తోడుకు ఇంతకంటే వివరణ నాకు తెలియదు.

ఇప్పటికి ఇంత. కింద వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడే కలుపుతున్నాను.

“చేదోడు వాదోడు ఇంట్లోవాళ్లకే వాడతాం, అదీ ఎప్పుడూ ఉండే సాయానికి. ముక్కూమొహం తెలియని మనిషి పది నిమిషాలు చేసిన పనికి ఎలా సరిపోతుంది?” అని ఒకరు అన్నారు. న్యాయమైన అభ్యంతరం. ఆ మాటకు ‘గా ఉండు’ అన్న తోక ఎప్పుడూ ఉంటుంది, కొనసాగే స్థితినే చెబుతుంది. వాడుకను కాదనలేను. కానీ విడగొట్టి వాడితే ఆ బంధనం పోతుంది. ‘ఆవిడ ఆ గంటసేపు నాకు చేదోడైంది’ అని రాసి చూశాను. కొంచెం కొత్తగా ఉంది గానీ తెలుగులా లేదనిపించలేదు. కైండ్‌నెస్‌కి ఒకే మాట పెట్టి తీరాలంటే మాత్రం నేను ‘మంచితనం’ దగ్గరే ఆగుతాను. అది మనిషి గుణం. చేదోడు, వాదోడు ఆ గుణం బయటికొచ్చే దారులు.

ఇంకొకరు అడిగింది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది: “ఇలాంటి సంగతులు అందరిలో చెప్పుకోవచ్చా? చేసిన మంచి చెప్పుకుంటే సొంత డబ్బా కాదా?” దీనికి జవాబు ‘చెప్పుకోవడం’ అనే క్రియలోనే దొరుకుతుంది. ‘చెప్పు’కు ‘కొను’ చేరితే పని తనవైపు తిరుగుతుంది. ‘నేనే సాయం చేశానని చెప్పుకుంటున్నాడు’ అంటే డబ్బానే, సందేహం లేదు. కానీ ‘ఆయన మంచితనం గురించి అందరూ చెప్పుకుంటారు’ అన్నప్పుడు అదే ‘కొను’లో పదిమంది ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఉంది. ‘నీకు కాక ఎవరికి చెప్పుకోను’ అన్నప్పుడు గుండె బరువు దించుకోవడం ఉంది. క్రియ ఒకటే. ఎవరు, ఎవరి గురించి అన్నదాన్ని బట్టి రంగు మారుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ సంగతులు చెప్పాల్సిన హక్కు పొందినవాళ్లది, ఆ తర్వాత చూసినవాళ్లది. ‘కృతజ్ఞత’ను విప్పి చూడండి: కృత అంటే చేయబడినది, జ్ఞ అంటే తెలిసిన. తనకు చేసిన మేలు ఎరిగి ఉండటం. దానికి ఎదురు ‘కృతఘ్నత’, ఘ్న అంటే చంపేది. చేసిన మేలును చంపడం! ఎంత కఠినమైన మాట. ఎవరికీ చెప్పకుండా మన లోపలే ఉంచుకుంటే ఆ మేలు మనతోనే పోతుంది. ఆ పెద్దావిడ పేరు నాకు తెలియదు, థాంక్స్ కూడా చెప్పలేకపోయాను. ఇక్కడ రాయడం తప్ప నాకు వేరే దారి లేదు.

పేరు, ఫోన్ నంబరు తెలిసి కూడా చెప్పడానికి మొహమాటపడేవాళ్ల కోసం ఒక విషయం. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు కొంతమంది చేత, తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరాలు రాయించారు. రాసినవాళ్లు అవతలివాళ్లకు ఇబ్బందిగా ఉంటుందేమో అని ఎక్కువగా భయపడ్డారు, వాళ్లకు కలిగే సంతోషాన్ని తక్కువగా ఊహించారు. అందుకున్నవాళ్లను అడిగితే తేలింది ఇదే: ఊహించినంత ఇబ్బంది లేదు, ఊహించినదానికంటే ఎక్కువ ఆనందం ఉంది.

చివరి ప్రశ్న: ఇతరుల మంచితనం గురించి విన్నప్పుడు ఛాతీలో ఏదో వెచ్చగా అనిపిస్తుంది, మనమూ ఏదైనా చేయాలనిపిస్తుంది, దానికి పేరుందా అని. 2000లో జొనాథన్ హైట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని గురించి రాస్తూ ‘ఎలివేషన్’ అన్నాడు, అంటే పైకి లేవడం. సినిమావాళ్ల ఎలివేషన్ వేరు, ఇది మనసు పైకి లేవడం. మన ‘మేలు’ను దీని పక్కన పెట్టి చూడండి. మేల్ అంటే తమిళంలో పైన అనే అర్థం. మన మేలిముసుగులోనూ పైనుండే ముసుగు అనే భావమే. మేలు చేయడం అన్న మాటలో పైకి వెళ్లడం ముందే ఉంది. ఆ వెచ్చదనానికి మాత్రం తెలుగులో ఒక నామవాచకం నాకు దొరకలేదు. ‘మనసు నిండింది’, ‘కళ్లు చెమర్చాయి’, ‘గుండె తడైంది’ అని వాక్యాలే చెబుతాం. దానికి పేరు లేకపోవడం నాకు లోటుగా అనిపించడం లేదు, ఎందుకంటే ఆ వాక్యాలు అన్నప్పుడల్లా అది మళ్లీ కొత్తగా జరుగుతుంది.

ఒక సాయం కావాలి. ‘వాదోడు’ను చేదోడు లేకుండా విడిగా వాడేవాళ్లు మీ ఇంట్లో, మీ పెద్దవాళ్లలో ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్లన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయండి. ఏ సందర్భంలో అన్నారో కూడా రాస్తే మరీ మంచిది.