షాడో లాస్: నీడా, చీకటా?

పోస్ట్:
అందరికీ నమస్తే. మా అక్క కూతురికి పాత డీసీ కామిక్స్ చదివి తెలుగులో చెప్తుంటా, పేర్లు కూడా తెలుగు చెయ్యాల్సిందే అని దాని రూలు. లైట్నింగ్ లాస్‌ని మెరుపుపిల్ల అంటే ఒప్పుకుంది. షాడో లాస్ దగ్గర ఇరుక్కుపోయా. ఈమె 1968లో అడ్వెంచర్ కామిక్స్ 365వ సంచికలో వచ్చింది, లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్ టీమ్, కథ జరిగేది వెయ్యేళ్ళ తర్వాత, అసలు పేరు టాస్మియా మల్లోర్, సొంతూరు టాలోక్ 8 అనే గ్రహం, ఒళ్ళంతా నీలం. తలుచుకుంటే చుట్టూ చీకటి కమ్మేస్తుంది, శత్రువులు తడుముకుంటుంటే ఆ చీకట్లో ఈమెకి మాత్రం అన్నీ కనిపిస్తాయి. నేను నీడపిల్ల అన్నా. "పిన్నీ, నీడ పడాలంటే ఎండ ఉండాలి కదా, ఈమె ఎండే లేకుండా చేస్తోందిగా" అంది. ఎనిమిదేళ్ళ దానికి జవాబు చెప్పలేక ఇక్కడికొచ్చా.

కామెంట్:
పాప కరెక్టండి. ఇంగ్లీషులో షేడ్, షాడో రెండూ పాత ఇంగ్లీషులోని ఒకే మాట నుంచి విడిపోయినవి, అప్పట్లో దానికి చీకటి అనే అర్థం కూడా ఉండేది, అందుకే వాళ్ళకి షాడో అంటే చీకటి దాకా సాగుతుంది. మన నీడ అలా సాగదు. తమిళంలో నిళల్, మనకి నీడ (వాళ్ళ ఏళు మనకి ఏడు, కోళి మనకి కోడి అయినట్టే). పైగా మనకి నీడంటే భయం కాదు, హాయి. తోడూనీడా అంటాం, గూడూ నీడా అంటాం, నీడపట్టున కూచోవయ్యా అంటాం. మే నెలలో మా బస్టాప్‌లో కరెంటు స్తంభం నీడ జానెడు పడితే అందులోనే నలుగురు ఒకరి వెనక ఒకరు నిలబడతారు, స్తంభం నీడ జరిగితే క్యూ కూడా జరుగుతుంది. అలాంటి మాటతో విలన్లని ఏం భయపెడతారు.

కామెంట్:
ఒప్పుకోను మాస్టారూ. పేపర్ వాళ్ళ "నీలినీడలు" ఏమైనట్టు? ఏ పథకం మీదో నీలినీడలు కమ్ముకున్నాయంటే అది హాయా? పిల్ల ఒళ్ళు నీలం, పని కమ్ముకోవడం. నీలినీడ అని పెట్టెయ్యండి, పేరు రెడీగా ఉంది.

కామెంట్:
ఛాయ అనొచ్చుగా? సూర్యుడి భార్య ఛాయాదేవి ఉండనే ఉంది.

కామెంట్:
ఛాయ వద్దు తల్లీ, మన ఇళ్ళల్లో ఛాయ అనగానే పిల్ల తెలుపా చామనఛాయా అనే పెళ్ళిచూపుల గోల మొదలవుతుంది. నన్నడిగితే పెంజీకటి. గజేంద్రమోక్షంలో లోకాలన్నీ పోయాక మిగిలే చీకటికి పోతన వాడిన మాట, పెను చీకటి కలిసి పెంజీకటి. నోట్లో ఎంత బరువుగా ఉంటుందో చూడండి, మసకచీకటి దీని ముందు నిలబడదు.

కామెంట్:
బరువు ఎక్కువైపోయింది సార్, లాస్ అంటే పడుచుపిల్ల, ఆ టీమ్‌లో చాలామంది లాడ్, లాస్, బాయ్, గర్ల్, కిడ్ అనే పేర్లవాళ్ళే, మీరు ప్రళయం తెచ్చి పిల్ల నెత్తిన పెడుతున్నారు. ఈమె వంశం వంశమంతా ఆ గ్రహానికి కాపలా కదా, అంటే మన పొలిమేర అమ్మవారి డ్యూటీయే. చీకటమ్మ అనండి. ఎల్లమ్మ, పోలేరమ్మ పక్కన సరిగ్గా కూచుంటుంది.

కామెంట్:
చీకటమ్మ 👌 కానీ లైట్నింగ్ లాస్ మెరుపుపిల్ల అయి ఈమె ఒక్కతే అమ్మ అయితే టీమ్‌లో గొడవలవుతాయి 😄

పోస్ట్ పెట్టినామె:
అందరికీ థాంక్సండీ. రాత్రి అన్నీ చదివి వినిపించా. నీలినీడ అంటే మొహం పెట్టింది, పెంజీకటి అంటే రెండుసార్లు పలికి నవ్వింది, చీకటమ్మ అంటే "మరి నాన్నమ్మ లాగా ఉంటుందా" అంది. అంతలో కరెంటు పోయింది, మా అక్క హాల్లోంచి "అబ్బా, చిమ్మచీకటి" అని అరిచింది. ఇది మంచం మీద లేచి నిలబడి "చిమ్మచీకటి పిన్నీ! చీకటిని చిమ్ముతుంది కదా, సాలీడు దారం చిమ్మినట్టు" అంది. చిమ్మచీకటిలో చిమ్మకి ఆ చిమ్మడానికి చుట్టరికం ఉందో లేదో పెద్దలు చెప్పాలి, ఆవిడకి మాత్రం చుట్టరికం ఖాయమైపోయింది. పొద్దున చూస్తే కామిక్ అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసేసింది, మ కింద మ వత్తు మర్చిపోయి.