ఎం1 హెల్మెట్‌పై వల వేస్తే లైనర్ సరిగ్గా కూర్చోవడం లేదు

నా దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ ఎం1 హెల్మెట్ ఉంది. అంచు చుట్టూ ఉన్న పట్టీ అతుకు ముందు వైపుంది, గడ్డం పట్టీ తగిలించే కొక్కేలు కదిలే రకం. అంటే 1943 చివరికీ 1944 చివరికీ మధ్య తయారైనది. 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన సైనికుడి హెల్మెట్‌లా ఉంచాలని కొత్తగా నేసిన నూలు వల ఒకటి కొన్నాను. వల కన్ను (రంధ్రం) సుమారు అర అంగుళం.

వల అంచును ఉక్కు డొప్పకీ, దాని లోపల అమరే విడి టోపీ లాంటి లైనర్‌కీ మధ్య దోపితే చెవుల దగ్గర ఉండ కడుతోంది. లైనర్ దాదాపు ఒక సెంటీమీటరు బయటికి వచ్చేస్తోంది. గట్టిగా నొక్కితే ఇన్నేళ్లు నిలిచిన లైనర్ పగులుతుందేమోనని టెన్షన్.

వలను తడిపి, లాగి కట్టి రాత్రంతా ఆరబెట్టాను. మర్నాటికి మళ్లీ వదులైంది. వేరే వల ముక్క అంచు కత్తిరించి చూస్తే ముడులు ఊడిపోయాయి. చుట్టూ రబ్బరు బ్యాండ్ వేస్తే పైన జారడం ఆగింది కానీ లోపలి ఉండ అలాగే ఉంది. పైగా సైన్యం నియోప్రీన్ (కృత్రిమ రబ్బరు) బ్యాండ్ ఇచ్చింది యుద్ధం చివర్లో, కాబట్టి దాన్ని ఉంచడం నాకు ఇష్టం లేదు.

వల కత్తిరించకుండా, లైనర్ పూర్తిగా లోపలికి కూర్చునేలా ఆ మిగులు అంచును ఎలా మడిచి సర్దాలి?