అప్‌డేట్: ఉమ్మడి సాగుకు తల్లులు మళ్లీ వస్తున్నారు

ఇల్లూ ఊరూ వదిలి వచ్చిన తల్లులు, కుర్రాళ్లతో మొదలుపెట్టిన సాగులో రెండో నెలకే సగం మంది మానేశారు, ఏం చేయాలని అడిగాను కదా. మీరన్నట్టే ముందు వాళ్లనే అడిగాం. పని కష్టమని కాదు, చంటిపిల్లల్ని ఎక్కడ ఉంచాలన్నదే వాళ్ల టెన్షన్. గట్టు పక్కనే పందిరి వేశాం. వంతులవారీగా ఇద్దరు తల్లులు పిల్లల్ని చూసుకుంటారు, ఆ పూట కూడా పనికిందే లెక్క.

పంటా మార్చాం. మళ్లీ ఎప్పుడు కదలాలో తెలియనివాళ్లకు ఆరు నెలల పంట మీద నమ్మకం ఎలా కుదురుతుంది? తోటకూర, ముల్లంగి 30 రోజులు తిరిగేసరికి చేతికొచ్చాయి. మొదటి ముల్లంగిని ఒకావిడ మట్టి కూడా దులపకుండా కొడుకు చేతిలో పెట్టింది.

నీటి పైపులు, లెక్కల పుస్తకం చూసుకునే పని కుర్రాళ్లదే. కౌలు కాగితం మాత్రం ఇంకా రాలేదు. అది వచ్చేదాకా పండ్లమొక్కలు నాటించను.